జూనియర్లను చేర్పిస్తే కమీషన్ ఇస్తారట, చేయమంటారా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తాడిపత్రి దగ్గర పల్లె. నాయనకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. అనంతపురంలో బీకామ్ చేసి, పోయిన సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ మార్కెటింగ్ చదవడానికి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు వచ్చాను. ఏడాది కోర్సు. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నాం. ఇక్కడ ఒక సరుకుల అంగడిలో వారానికి 14 గంటలు పని చేస్తున్నాను. ఇప్పుడు రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి, యూనివర్సిటీ దగ్గర స్టాల్‌లో నిలబడి ఒక యాప్ గురించి విద్యార్థులకు చెప్పే పని. ఏజెన్సీ వాళ్లది. వారానికి 10 గంటలు, గంటకు 12.21 పౌండ్లు. రెండోది, నన్ను ఇక్కడికి పంపిన అనంతపురం కన్సల్టెన్సీ వాళ్లది. రీల్స్ చేయాలి, వాట్సాప్‌లో జూనియర్ల సందేహాలు తీర్చాలి. ఒక్కొక్కరు చేరితే 40 వేలు మా అమ్మ అకౌంట్‌లో వేస్తామన్నారు. అప్పుడప్పుడు జూనియర్ల ఫీజు నా ఇక్కడి అకౌంట్ ద్వారా కట్టించాల్సి ఉంటుందని కూడా చెప్పారు. నాకు రెండోదే బాగుందనిపిస్తోంది. చలిలో నిలబడే పని లేదు, రూములో కూర్చుని చేసుకోవచ్చు. నేను చదివేది కూడా మార్కెటింగే కదా. కానీ ఎందుకో టెన్షన్‌గా ఉంది. డిగ్రీలో నా జూనియర్ ఒకమ్మాయి ‘అక్కా, ఈ నెలలోనే అడ్వాన్స్ కట్టమంటున్నారు, కట్టేదా?’ అని వారం నుంచి మెసేజ్‌లు పెడుతోంది. ఆమెకింకా జవాబివ్వలేదు. ఏం చేయమంటారు?

సమాధానం: తల్లీ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. స్టాల్ పని చెయ్యి, కానీ అంగడి గంటలు తగ్గించుకుని చెయ్యి. కన్సల్టెన్సీ పని వద్దు. జూనియర్ల ఫీజు మాత్రం ఒక్క రోజుకైనా నీ అకౌంట్‌లోకి రానివ్వద్దు.

నీ ఉత్తరంలో నువ్వు గమనించని ప్రమాదం ఒకటి ఉంది, దాంతోనే మొదలుపెడతాను. అంగడిలో 14, స్టాల్‌లో 10, కలిపితే 24 గంటలు. డిగ్రీ, ఆపై చదువులకు స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు కోర్సు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పరిమితి. ఎన్ని చోట్ల చేసినా మొత్తం కలిపి 20. జీతం లేని పని చేసినా అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. ఒక వారం 24, మరుసటి వారం 16 చేసి సగటున 20 చూపిస్తానంటే కుదరదు, ఏ వారానికి ఆ వారమే లెక్క. ఇద్దరు యజమానులకు ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు కాబట్టి ఎవరూ నిన్ను ఆపరు. లెక్క పెట్టుకోవాల్సింది నువ్వే. అంగడి వాళ్లతో మాట్లాడి 10 గంటలకు తగ్గించుకున్నాకే స్టాల్ వాళ్లకు సరేనను.

ఇంకో సంగతి. జూన్ వస్తే ఎండాకాలం సెలవులు కదా, రోజంతా పని చేసుకోవచ్చని నీ స్నేహితులు చెబుతుంటారు. అది డిగ్రీ చదివే పిల్లల సంగతి. నీ లాంటి ఏడాది మాస్టర్స్ వాళ్లకు ఆ నెలలు డిసర్టేషన్, అంటే కోర్సు చివరి పరిశోధన వ్యాసం, రాసే కాలం, అది కోర్సు కిందే లెక్క. అప్పుడూ 20 గంటలే. క్రిస్మస్, ఈస్టర్ రోజులు సెలవు కిందికి వస్తాయో లేదో మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసును అడిగి, ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకుని దాచుకో.

ఇక కన్సల్టెన్సీ సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీ మనసు దాని మీదే ఉంది.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ చేయకూడదు, వ్యాపారం చేయకూడదు. ఎన్ని గంటలనే ప్రశ్నే లేదు, ఒక్క గంట కూడా కుదరదు. కన్సల్టెన్సీ వాళ్లు నీకు జీతం ఇవ్వడం లేదు, పనిగంటలు పెట్టడం లేదు, పేస్లిప్ ఇవ్వడం లేదు. మనిషిని చేర్పిస్తేనే డబ్బు. రీల్స్ చేసి, మనుషులను పట్టి, తలకింతని తీసుకునే పనిని అక్కడి ప్రభుత్వం ఉద్యోగం అనుకోదు, నువ్వు సొంతంగా చేసుకునే వ్యాపారం అనుకుంటుంది. డబ్బు తాడిపత్రిలో అమ్మ ఖాతాలో పడుతుంది కదా అంటావేమో. డబ్బు ఎక్కడ పడినా, నువ్వు కూర్చుని పని చేసేది బర్మింగ్‌హామ్‌లో. పైగా రీల్స్ అంటే నీ ముఖం, నీ గొంతు, తేదీతో సహా అందరికీ కనిపించే సాక్ష్యం. ఫుడ్ డెలివరీ కూడా ఇలాంటిదే. వేరేవాళ్ల అకౌంట్ అద్దెకు తీసుకుని బండి తిప్పే మన పిల్లలను నువ్వు చూసే ఉంటావు, వాళ్ల దారిన పోవద్దు.

ఇది బయటపడితే యూనివర్సిటీ నీకు ఇచ్చిన స్పాన్సర్‌షిప్ తీసేయొచ్చు, వీసా రద్దు కావచ్చు. ఇంకో వీసాకు పెట్టుకున్నప్పుడు ఇదే అడ్డం పడొచ్చు. నీకది ఇప్పుడు చాలా ముఖ్యం. చదువయ్యాక అక్కడ ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు 2026 డిసెంబర్ 31లోపు దరఖాస్తు చేస్తేనే మాస్టర్స్ వాళ్లకు రెండేళ్లు వస్తుంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ చెప్పాకే దరఖాస్తు చేయాలి కాబట్టి, డిసర్టేషన్ ఆలస్యమైనా, మధ్యలో ఏదైనా గొడవ వచ్చినా ఆ గడువు దాటిపోవచ్చు.

40 వేలంటే ఎంతో ఒకసారి లెక్క చూడు. పౌండు 120 రూపాయలు అనుకుంటే దాదాపు 330 పౌండ్లు. గంటకు 12.21 చొప్పున 27 గంటల పని. వారంన్నరలోపే నీ కాళ్ల మీద నిలబడి సంపాదించుకోగల డబ్బు అది. దాని కోసం ఇంటి పత్రాలు పెట్టి తెచ్చుకున్న వీసాను పందెం కాస్తావా?

అకౌంట్ సంగతి దీనికన్నా పెద్దది. ‘జూనియర్ల ఫీజు నీ అకౌంట్ ద్వారా కట్టిస్తాం’ అన్న మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. ఫీజు కట్టాలనుకునే తల్లిదండ్రులు బ్యాంకు ద్వారా నేరుగా యూనివర్సిటీకే పంపొచ్చు. మధ్యలో ఒక విద్యార్థి ఖాతా ఎందుకు? ఆ డబ్బు ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలియదు. పోలీసులు వచ్చి అడిగితే కాగితం మీద ఉండేది నీ పేరే. ఇతరుల డబ్బును ఇలా ఖాతాలోంచి దాటించేవాళ్లను అక్కడ ‘మనీ మ్యూల్’ అంటారు. మనీ లాండరింగ్ కేసు రుజువైతే అక్కడి చట్టంలో గరిష్ఠ శిక్ష 14 ఏళ్ల జైలు. అంత దూరం పోకపోయినా బ్యాంకు ఖాతా మూసేస్తే కొత్త ఖాతా దొరకడం కష్టం. జీతం ఎక్కడ వేయించుకుంటావు? మన వాట్సాప్ గ్రూపుల్లో ‘నేను ఇక్కడ పౌండ్లు వేస్తాను, మీ వాళ్లు అక్కడ రూపాయలు వేయండి’ అని మార్చుకుంటుంటారే, దానికి కూడా దూరంగా ఉండు.

చట్టం మాట చెప్పాను. కానీ రేపు చట్టం ఒప్పుకున్నా ఈ పని వద్దనే చెబుతాను. ఎందుకో చెప్పాలంటే నా సొంత విషయం చెప్పాలి.

1993లో నేను కర్నూలులో బీకామ్ ముగించి ఖాళీగా ఉన్నాను. కొండారెడ్డి బురుజుకు దగ్గర్లోనే మా వీధి. ఒక ఫైనాన్స్ కంపెనీలో ‘మార్కెటింగ్ జాబ్’ ఉందంటే చేరాను. డిపాజిట్లు తేవాలి, తెచ్చిన ప్రతి వంద రూపాయలకు రెండు రూపాయలు కమీషన్. నాకు ఊళ్లో ఎవరు తెలుసు? మా వీధివాళ్లే తెలుసు. వాళ్లింటికే పోయాను. మా ఎదురింట్లో మిషన్ కుట్టే ఒకావిడ కూతురి పెళ్లికని దాచుకున్న 8 వేలు నా చేతిలో పెట్టింది. కాగితం చదవలేదు, కంపెనీ పేరు కూడా సరిగ్గా అడగలేదు. పద్నాలుగు నెలలకు ఆ కంపెనీ తలుపులు మూసేసింది. ఆవిడ కంపెనీ దగ్గరికి పోలేదు, మా ఇంటికే వచ్చింది. అరవలేదు. ‘నిన్ను చూసే ఇస్తి కదమ్మా’ అనింది. అంతే. మా నాయన ఆ 8 వేలు మూడేళ్లలో కొంచెం కొంచెంగా తీర్చాడు. మిగతా ఇళ్లవాళ్లకు మేం ఇచ్చుకోలేకపోయాం. ఆ 8 వేల మీద నాకు ముట్టిన కమీషన్ 160 రూపాయలు.

తర్వాత పాతికేళ్లు డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పాను. మార్కెటింగ్ పాఠం వచ్చిన ప్రతిసారీ ఆవిడ గుర్తొచ్చేది. మార్కెటింగ్ తప్పుడు పని అని నేను ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. మంచి వస్తువును అది అవసరమైన మనిషి దగ్గరికి చేర్చే పని అది, అందులో గౌరవం ఉంది. కానీ నీ దగ్గర ఆ కన్సల్టెన్సీ కొంటున్నది నీ మార్కెటింగ్ చదువును కాదమ్మా. తాడిపత్రి పిల్ల, చీనీ రైతు కూతురు, మన అక్క అని ఆ జూనియర్లు నీ మీద పెట్టుకున్న నమ్మకాన్ని కొంటున్నారు. రీల్స్ చేసేవాళ్లు డబ్బిస్తే ఎక్కడైనా దొరుకుతారు. ‘అక్కా’ అని పిలిపించుకునే మనిషి దొరకదు, అందుకే తలకు 40 వేలు.

ఆ 40 వేలు ఎక్కడి నుంచి వస్తాయో నీకు తెలిసే ఉంటుంది. విద్యార్థి చేరితే మొదటి ఏడాది ఫీజులో కొంత శాతాన్ని చాలా యూనివర్సిటీలు ఏజెంట్లకు కమీషన్‌గా ఇస్తాయి. దాంట్లో నీకొక ముక్క. ఏజెంట్లందరూ మోసగాళ్లని నేననను. ఓపిగ్గా కూర్చోబెట్టి, నీకు ఈ కోర్సు వద్దమ్మా అని చెప్పి పంపినవాళ్లు అనంతపురంలోనే ఉన్నారు, నా విద్యార్థులే చెప్పారు. కానీ చేరితేనే డబ్బు అనే ఏర్పాటులో ‘చేరొద్దు’ అన్న మాటకు కూలి లేదు. మీ నాయన చీనీ కాయలు మార్కెట్ యార్డుకు తెచ్చినప్పుడు మండీలో ఏం జరుగుతుందో చిన్నప్పటి నుంచి చూశావు. మధ్యలో ఉన్నాయన రైతు తరఫున కూడా మాట్లాడుతున్నట్టే ఉంటాడు. ‘సూట్’ పేరుతో టన్నుకు ఇన్ని కిలోలని కోసేది మాత్రం రైతు కాయలోంచే. ఆ మధ్య కుర్చీలో నువ్వు కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

స్టాల్ పని మాటకొస్తాను. చలి, నిలబడటం, ఎవరూ ఆగకుండా వెళ్లిపోవడం అన్నీ ఉంటాయి. అయినా నీ చదువుకు పనికొచ్చేది ఇదే. చేరే ముందు కొన్ని చూసుకో. ‘గంటకు ఇంత’ అని రాతపూర్వకంగా ఉండాలి. 21 ఏళ్లు నిండినవాళ్లకు చట్టం ప్రకారం కనీస వేతనం 2025 ఏప్రిల్ నుంచి 12.21 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 12.71. ఏప్రిల్ తర్వాత కూడా పాత రేటే ఇస్తుంటే అడుగు, అది నీ హక్కు. ట్రైనింగ్‌కు రమ్మన్న రోజులు కూడా పని కిందే లెక్క, దానికీ జీతం రావాలి. గంట జీతానికి పైన కొంచెం బోనస్ ఇస్తామంటే పర్వాలేదు. జీతం లేదు, అమ్మినదాన్ని బట్టే డబ్బు అంటే మాత్రం బయటికి వచ్చేయ్. ఇంటింటికీ తిరిగి కరెంటు, ఇంటర్నెట్ కనెక్షన్లు అమ్మించేవాళ్లు చాలామంది ఇలాగే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు.

వాళ్లు నీ షేర్ కోడ్ అడగాలి, అంటే నీకు పని హక్కు ఉందో లేదో యజమాని ఆన్‌లైన్‌లో చూసుకునే కోడ్. అడిగితే అనుమానం పడొద్దు, అడగకపోతేనే అనుమానించాలి. పని హక్కు లేనివాళ్లను పెట్టుకున్న యజమానికి మొదటిసారి దొరికితే మనిషికి 45 వేల పౌండ్ల దాకా జరిమానా ఉంది, అందుకే సరైన యజమాని చూడకుండా పెట్టుకోడు. పని ఇప్పించినందుకు ఏజెన్సీ నీ దగ్గర ఫీజు తీసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. కిట్‌కు ఇంత, రిజిస్ట్రేషన్‌కు ఇంత అన్నారంటే అక్కడితో ఆపేయ్. జీతంతో పాటు పేస్లిప్ రావాలి. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ఆదాయపు పన్ను లేదు. నీ రెండు పనులు కలిపినా ఆ హద్దు చుట్టుపక్కలే ఉంటావు. ఇద్దరు యజమానులు కాబట్టి రెండో చోట పన్ను కోసేస్తారు, ఎక్కువ కోస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. కంగారుపడకుండా పేస్లిప్‌లన్నీ దాచు. గంటలు మారే పనుల్లో సెలవు జీతం కూడా జమవుతుంది, పని చేసిన గంటల్లో 12.07 శాతం చొప్పున. ఈ సంగతి తెలియక చాలామంది మన పిల్లలు వదిలేసుకుంటారు.

ఇప్పుడు ఒక టీచరుగా చెబుతున్నాను. స్టాల్‌కు పోయేటప్పుడు చిన్న నోటుపుస్తకం తీసుకుపో. గంటలో ఎంతమందిని పలకరించావు, ఎంతమంది ఆగారు, ఎంతమంది యాప్ దింపుకున్నారు, రాసిపెట్టు. మొదటి వాక్యం మార్చి చూడు. ‘మీకు రెండు నిమిషాలు ఉన్నాయా’ అంటే ఎవరికీ ఉండవు. ‘ఈ వారం బస్సుకు ఎంత అయింది’ అని అడిగితే మనిషి ఆగుతాడు. ఏ మాటకు ఎంతమంది ఆగారో నెలరోజులు రాస్తే, అది ఏ పుస్తకంలోనూ లేని నీ సొంత పాఠం. ఏజెన్సీ అనుమతిస్తే డిసర్టేషన్‌కు కూడా పనికొస్తుంది. రేపు ఇంటర్వ్యూలో ‘నేను సోషల్ మీడియా చూశాను’ అనే వందమంది మధ్యలో, ‘నా మొదటి వారంలో నూటికి ఇంతమంది ఆగారు, ఆరో వారంలో ఇంతమంది’ అని చెప్పే అమ్మాయివి నువ్వొక్కదానివే అవుతావు. నీ ఇంగ్లీషులో మన యాస ఉంటుందని సిగ్గుపడుతున్నావేమో. నిదానంగా, నవ్వు ముఖంతో మాట్లాడు, ఆగేవాళ్లు ఆగుతారు.

దీంతో పాటు మీ యూనివర్సిటీ కెరీర్స్ ఆఫీసుకు ఒకసారి పో. యూనివర్సిటీలే ఓపెన్ డే రోజుల్లో కొత్తవాళ్లకు క్యాంపస్ చూపించడానికి స్టూడెంట్ అంబాసిడర్లను గంటల జీతం మీద పెట్టుకుంటాయి. పాత విద్యార్థులకు సాయంత్రాలు ఫోన్ చేసి విరాళాలు అడిగే పనులు, స్టూడెంట్స్ యూనియన్‌లో పోస్టర్లు, సోషల్ మీడియా చూసే పనులు ఉంటాయి. ఇవన్నీ మార్కెటింగే. 20 గంటల సంగతి కూడా వాళ్లకు బాగా తెలుసు.

నాయనకు ఈ సంగతులు చెప్పావో లేదో నాకు తెలియదు. అంగడిలో గంటలు తగ్గించుకుని స్టాల్‌లో చేరితే డబ్బు మరీ ఎక్కువేమీ పెరగదు, 14 గంటలు 20 అవుతాయి, గంటకు 12.21 చొప్పున వారానికి 244 పౌండ్లు. 40 వేల ఆశ చూపి అమ్మకు ముందే మాట ఇచ్చి ఉంటే, ఈ ఆదివారమే ఫోన్ చేసి కుదరదని చెప్పు. వాళ్లు అప్పు తీసుకున్నది నిన్ను చదివించడానికి, నువ్వు భయం భయంగా బతకడానికి కాదు. ఈ మాట వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కన్సల్టెన్సీ వాళ్లకు గొడవ లేకుండా ఒక్క వాక్యం రాయి: ‘నా వీసా ప్రకారం ఈ పని చేయడానికి వీల్లేదు, నా ఫోటో గానీ వీడియో గానీ ప్రకటనల్లో వాడకండి.’ బతిమాలితే జవాబివ్వక్కర్లేదు.

ఆ జూనియర్ అమ్మాయి వారం నుంచి ఎదురుచూస్తోందన్నావు. నాకు నీకన్నా ఆ పిల్ల గురించే ఎక్కువ కంగారుగా ఉంది. ఈ రాత్రే ఆమెకు ఫోన్ చెయ్యి, మెసేజ్ చాలదు. డబ్బు తీసుకోకుండా చెప్పే మాట కాబట్టి ధైర్యంగా అన్నీ చెప్పొచ్చు. నీ గది అద్దె ఎంతో, వారానికి చేతికి ఎంత వస్తుందో, పని దొరకడానికి ఎన్ని వారాలు పట్టిందో చెప్పు. ఈ సెప్టెంబర్‌లో చేరితే ఆమె కోర్సు 2027లో అయిపోతుంది, కాబట్టి ఆమెకు వచ్చేది 18 నెలలే, రెండేళ్లని ఎవరైనా చెబితే నమ్మొద్దని చెప్పు. ఆ తర్వాత అక్కడే స్థిరపడాలంటే స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి, కొత్తగా చదువు ముగించినవాళ్లకు 33,400, అది కూడా డిగ్రీ స్థాయి ఉద్యోగం అయితేనే. అంగడిలో పని చూపిస్తే రాదు. పెళ్లి సంబంధం చూస్తున్నారని ఏమైనా అంటే, 2024 జనవరి నుంచి నీ లాంటి మాస్టర్స్ కోర్సులో చేరేవాళ్లు భర్తను వెంట తీసుకుపోలేరని కూడా చెప్పు. కన్సల్టెన్సీలో ఈ మాట దాచి, తర్వాత చూసుకుందాంలే అన్నవాళ్లు ఉన్నారు.

అడ్వాన్స్ ఎవరి పేరు మీద కట్టమంటున్నారో అడుగు. యూనివర్సిటీ ఇచ్చిన ఆఫర్ లెటర్‌లో ఉన్న ఖాతాకైతే ఒక సంగతి, కన్సల్టెన్సీ ఖాతాకో మనిషి ఖాతాకో అయితే ఆపమని చెప్పు. చాలా యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్‌లో ఏ దేశంలో తమ ఏజెంట్లు ఎవరో పేర్లు పెడతాయి. ఫోన్ పెట్టకముందే ఇద్దరూ కలిసి ఆ పేజీ తెరిచి, వీళ్ల పేరు అందులో ఉందో లేదో చూడండి.